ఆఖరున వేసే ముఖం

ఆ వేసవంతా మా ఇంట్లో కోడిగుడ్డు తెల్లసొనే కూర. తెల్లసొన అట్టు, తెల్లసొన వేపుడు, తెల్లసొన పులుసు. గుడ్డులో పచ్చగా ఇంకోటి ఉంటుందన్న సంగతే మర్చిపోయేలా ఉన్నానని నేను సణిగితే, మా నాగేశ్వరి ఒకటే మాట అనేది. "మీరు తింటే సాయంత్రానికి అరిగిపోద్ది. బొమ్మలోకి పోతే వందేళ్లుంటది. ఊరుకోండి."

1982 సంగతి ఇది. కువైట్ సాల్మియాలో, సముద్రానికి ఒక సందు ఇవతల ఉన్న నాలుగంతస్తుల బిల్డింగుకి నేను హారిస్‌ని. కాపలా నాది, నీళ్ల మోటారు నాది, చెత్త నాది. ఎవరింట్లో ఏసీ మొరాయించినా పోయేది నా ప్రాణమే. మెట్ల కింద గది మాకిచ్చారు. నాగేశ్వరి మూడో అంతస్తులో వేరమ్మ గారింట్లో పని చేసేది.

వేరమ్మ రష్యా మనిషి. భర్త ఇలియాస్ గారు పాలస్తీనా ఆయన, ఇంజనీరు. చదువుకోమని మాస్కో పంపిస్తే చదువుతోపాటు ఈవిణ్ణి కూడా తెచ్చుకున్నాడు. కువైట్‌లో పనిమనిషి ఇంటావిణ్ణి మామా అనాలి. రాజోలు పక్కన పుట్టి పెరిగిన మనిషికి ఒక ఆడదాన్ని పట్టుకుని మామా అనడానికి నోరెలా వస్తుంది? ఆవిడే నా పేరు వేరా, అలాగే పిలువు అంది. నాగేశ్వరి దానికి అమ్మ తగిలించింది.

ఆవిడ బొమ్మలు వేసేది. కాగితం మీదా కాదు, గుడ్డ మీదా కాదు, చెక్క మీద. చెక్కకి సుద్దా జిగురూ కలిపి పూత మీద పూత పూసి, అరచెయ్యి జారిపోయేంత నున్నగా రుద్దాలి. ఆ రుద్దుడు నా పాలిట పడింది. తర్వాత రంగుపొడుల్లో పచ్చసొన కలిపి వేసేది. వాళ్ల దేశంలో దేవుడి పటాలు అలాగే వేస్తారట. వాళ్ల అమ్మమ్మ ఇంట్లోది, పొగబారి నల్లబడ్డ చిన్న పటం ఒకటి ఈవిడతోపాటే కువైట్ వచ్చి, హాల్లో తూర్పు మూల గోడకెక్కింది. దాని కింద చిన్న దీపం ఉండేది.

కానీ వేరమ్మ దేవుళ్లని వేసేది కాదు. ఆ పద్ధతిలోనే మమ్మల్ని వేసేది. సందు చివర బకాలా కొట్టు నడిపే నూర్ బాషాని ఉల్లిపాయల బస్తా పక్కన నిలబెట్టి వేసింది. నీళ్ల గొట్టం పట్టుకున్న నన్ను వేసింది. అందరికీ పొడుగు ముక్కులు, పెద్ద కళ్లు, చిన్న నోళ్లు. నా పటం చూసి నాగేశ్వరి, దేవుడి మొహమైతే పెట్టారు గాని ఆ కళ్లలో బద్ధకం మాత్రం దాచలేకపోయారంది. వేరమ్మకి ఆ మాట నేనే నా అరబ్బీలో కష్టపడి చెప్పాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ నవ్వితే మూడో అంతస్తు నవ్వు కింద మోటారు గదిలోకి వినపడేది.

ఆ పనికో వరస ఉంది. ముందు వెనకాల ఉన్న గోడలూ మేఘాలూ, తర్వాత బట్టలు, తర్వాత చేతులు. ముఖం ఆఖరున. ముఖం వేసే పూట మనిషి ఎదురుగా కూర్చోవాలి, కదలకూడదు. నాకు ముక్కు దురద పెట్టి ప్రాణం పోయింది. ఫొటో ఇస్తాను చూసి వేసుకోమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆవిడకి పని నేర్పిన ముసలాయన పెట్టిన కట్టడి అట. బతికున్నవాళ్ల ముఖం వాళ్లని చూస్తూ వేయాలి. ఎదురుగా లేకుండా, తలుచుకుని వేశామంటే అది పోయినవాళ్ల పటం.

మంచి పద్ధతేనంది నాగేశ్వరి, గుడ్డు పగలగొడుతూ. ఆ పని తనకి వేరమ్మే నేర్పింది. తెల్లసొన జారవిడిచి, పచ్చసొనని ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లించాలి. తడి ఆరాక పైపొరని రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తి, కింద సూదితో పొడిస్తే లోపలిది గిన్నెలోకి కారుతుంది, పొర వేళ్లకి మిగులుతుంది. నేనొకసారి ప్రయత్నిస్తే మోచేతిదాకా కారింది. నాగేశ్వరి చేతిలో మాత్రం ఒక్క సొన కూడా చితకలేదు.

మే నెలాఖరున ఇలియాస్ గారు బేరూత్ ప్రయాణమయ్యారు. అక్కడ వాళ్లమ్మ ఒక్కతే ఉంటోంది, ఇక్కడికి తెచ్చేసుకుందామని. పెట్టె నేనే కారులో పెట్టాను. పది రోజుల్లో వచ్చేస్తాను, ఈలోగా మా ఆవిడ నిన్ను గుర్రం మీద ఎక్కించి వేసినా ఆశ్చర్యపోకు అన్నాడు. మంచి మనిషి. ఈద్‌కి మాతోపాటు కింద గదిలో చాప మీద కూర్చుని చేపల పులుసు తిన్నవాడు.

ఆయనటు వెళ్లగానే వేరమ్మ ఒక పెద్ద చెక్క తెమ్మంది, నా ఎత్తులో సగం ఉంటుంది. ఇలియాస్ గారి పటం మొదలుపెడుతున్నానంది. ఆయనుండగా వేయనివ్వడు, కూర్చోమంటే సిగరెట్ వంకన లేచిపోతాడు. అంతా పూర్తి చేసి ముఖం ఒక్కటీ ఉంచితే, వచ్చాక ఒక్క పూట కూర్చుంటే చాలు. ఈ సంగతి నాగేశ్వరికి ఆవిడ చెప్పిందనుకుని నేనూ, నేను చెప్పాననుకుని ఆవిడా ఊరుకున్నాం. నాగేశ్వరి ఎప్పటిలాగే పొద్దున్నే వెళ్లి సొనలు తీసిచ్చి వంటింట్లో పడేది.

జూన్ మొదటి వారంలో లెబనాన్ మీద యుద్ధం వచ్చిపడింది. విమానాశ్రయం మూసేశారు. టెలిఫోన్ లైన్లు పోయాయి. ఆ నెల్లోనే కువైట్ టీము స్పెయిన్‌లో ప్రపంచకప్పు ఆడుతోంది. బిల్డింగులో ప్రతి ఇంట్లో టీవీ ముందు జనం. గోల్ పడితే మెట్లన్నీ దద్దరిల్లేవి. మూడో అంతస్తులో ఒక్క టీవీలో మాత్రం పొగ లేచే మేడలు కనపడేవి. నేను ఏంటెనా తిప్పడానికి పైకెక్కితే వేరమ్మ టీవీకి అడుగు దూరంలో నేల మీద కూర్చుని, ఆ వీధుల్లో పరిగెత్తే మనుషుల ముఖాలు వెతుకుతూ ఉండేది. ఆవిడకి ఏం చెప్పాలి? బొమ్మ బాగా పడుతోందా అండీ అని అడిగేవాణ్ణి. నా చేతిలో ఉన్నది ఆ ఏంటెనా కడ్డీ ఒక్కటే.

నాగేశ్వరి ఊరుకునే మనిషి కాదు. కష్టం వచ్చినప్పుడు ఏదో ఒకటి చెయ్యందే దానికి ముద్ద దిగదు. ఒక శుక్రవారం పొద్దున వేరమ్మ హవల్లీలో ఉన్న మరిది ఇంటికి, ఏమైనా కబురొచ్చిందేమో కనుక్కోవడానికి వెళ్లింది. పైన ఏసీ నీళ్లు కారుతున్నాయని నేను పాత్ర పట్టుకుని వెళ్లాను. హాల్లోకి అడుగుపెట్టేసరికి అగరొత్తుల వాసన.

గోడకి ఆనించిన పెద్ద చెక్క ముందు నాగేశ్వరి చేతులు జోడించి నిలబడి ఉంది. చెక్క మీద మనిషి ఒళ్లంతా అయిపోయింది. పొడుగాటి నీలం అంగీ, ఎత్తిన చెయ్యి, వెనకాల సముద్రం. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి సుద్ద. ఆ తెలుపులో, నుదురు వచ్చే చోట, కొబ్బరినూనెలో కలిపిన కుంకుమతో ఇంత బొట్టు. మా గదిలో దేవుడి పటానికుండే ప్లాస్టిక్ పూలదండ ఈ చెక్కకి వేలాడుతోంది. ముందు దీపం.

పాత్ర కింద పెట్టేశాను.

"ఎవరనుకున్నావే?" అన్నాను.

"వీళ్ల దేవుడు కదండీ. అయ్యగారిని తీసుకొచ్చెయ్యమని మొక్కుకున్నాను. మొహం లేపోతే మాత్రం వినపడదేంటి?"

నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ నా నోరు ఎప్పుడాగింది? అది దేవుడు కాదు, ఇలియాస్ గారు అన్నాను.

మన తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మనిషి పటానికి బొట్టు, దండ, దీపం ఎప్పుడు పెడతామో మనకి తెలుసు. నాగేశ్వరి దండ ఊడబెరికింది. దీపం చేత్తో ఆర్పేసింది, వేళ్లు కాలినా చూసుకోలేదు. కొంగుతో బొట్టు తుడిచింది. తుడిచిన కొద్దీ అది పరుచుకుంది. తర్వాత నేల మీద కూలబడి, "బతికున్న మనిషికండి, బతికున్న మనిషికి," అని అదే మాట అంటూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఏసీ నీళ్లు అలా కారుతూనే ఉన్నాయి.

నేను దాచేద్దామన్నాను. నాగేశ్వరి వినలేదు. వేరమ్మ తిరిగొచ్చి బురఖాలాంటి ఎండ కళ్లద్దాలు తీయకముందే జరిగిందంతా చెప్పేసింది. తెలుగులోనే చెప్పింది, ఏడుస్తూ. నేను అరబ్బీలో చెప్పాల్సొచ్చింది. మా దేశంలో పటానికి బొట్టు పెట్టి దండ వేస్తే ఆ మనిషి లేనట్టు అని చెప్పడానికి నాకు తిన్నగా మాట రాలేదు. వచ్చినదాంతో చెప్పాను. ఆవిడ విని, ఆ ఎర్రటి మరక దగ్గరికి వెళ్లింది. తడిగుడ్డ తెచ్చి అద్ది చూసింది.

"రంగైతే పోయేది," అంది. "మా రంగు పైకి గంటలో ఆరిపోతుంది గాని లోపల గట్టిపడ్డానికి ఏడాది పడుతుంది. అప్పటిదాకా తడిగుడ్డ పెడితే తుడుచుకుపోతుంది. ఇది నూనె, సుద్ద తాగేసింది." ఆ తర్వాత నాగేశ్వరి కాలిన వేళ్లు చేతిలోకి తీసుకుని చూసింది. ఉండనివ్వమంది. ఇలియాస్ వచ్చాక చూపించి నవ్విద్దామంది.

నాగేశ్వరి నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి మా గదిలో దేవుడి పటాలకి బొట్టు పెట్టడం మానేసింది. నేను ఎంత నచ్చజెప్పినా లాభం లేకపోయింది. తెలియక చేసినదానికి దోషం లేదన్నాను. వాళ్ల దేశానికి మన పట్టింపులు తగలవన్నాను. అన్నిటికీ ఊ కొట్టేది, అన్నం మాత్రం కెలికి వదిలేసేది. చివరికి పుట్టి బుద్ధెరిగి దేవుడి ముందు నిలబడని నేను, శుక్రవారం స్నానం చేసి, నాగేశ్వరి బదులు బొట్లు పెట్టడం మొదలుపెట్టాను. అది మంచం మీద కూర్చుని చూసేది. వంకరగా పెట్టారని కూడా అనేది కాదు. దానికే నాకు భయం వేసింది.

జూలై గడిచింది. తోజు అనే దుమ్ము గాలి లేచిన రోజున సాల్మియా అంతా పచ్చగా ఇసక కప్పుకుని, కిటికీ సందుల్లో ఎన్ని గుడ్డలు కుక్కినా గిన్నెల్లోకి వచ్చేది. వేరమ్మ దుప్పటి తెచ్చి పటానికి కప్పేది, మనిషికి కప్పినట్టు. బట్టలకి మడతలు దిద్దింది. చేతి గోళ్లు కూడా వేసింది. సముద్రం మీద చిన్న పడవ పెట్టింది, తర్వాత తీసేసింది. వేయడానికి ఇంకేం మిగలకుండా అయ్యేసరికి గుడ్లు అడగడం మానేసింది. మా ఇంట్లో తెల్లసొన కూర కూడా ఆగింది. నేను దానికి సంతోషించలేకపోయాను.

ఆగస్టు చివర్లో హవల్లీ మరిది వచ్చాడు. నేను లిఫ్టు తలుపు దగ్గరే ఆయన మొహం చూశాను. జూలైలో ఇలియాస్ గారు నీళ్ల డబ్బా మోసుకుంటూ వీధిలో కనపడ్డారట. వాళ్లమ్మ కోసమే. రెండు రోజులకి ఆవిడుండే మేడ కూలింది. ముసలావిడ శవం దొరికింది. ఈయన దొరకలేదు. ఏ ఆసుపత్రిలోనూ లేడు, బేరూత్ వదిలి ఓడలెక్కి వెళ్లిపోయినవాళ్లలోనూ లేడు. పోయాడని చెప్పేవాళ్లు లేరు, ఉన్నాడని చెప్పేవాళ్లూ లేరు. వేరమ్మ మరిదికి టీ ఇచ్చింది. ఆయన తాగలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఆ వెనకే ఇలియాస్ గారి కంపెనీ మనిషి వచ్చాడు. ఫ్లాటు కంపెనీది. ఆవిడ ఇఖామా, అంటే దేశంలో ఉండనిచ్చే కాగితం, భర్త పేరు మీద ఉంది, భర్త ఇఖామా కంపెనీ పేరు మీద ఉంది. మనిషే లేనప్పుడు ఇక్కడ ఉండడానికి దారేది? సెప్టెంబరు రెండో వారంలో మాస్కో విమానానికి టిక్కెట్టు తీస్తామన్నాడు. మర్యాదగానే చెప్పాడు. తిడదామన్నా దొరకని మనిషి. నేను ఆయన కారుకి దారి చూపించి, గేటు వేసి, గేటుకి ఆనుకుని నిలబడిపోయాను. తాళంచెవుల గుత్తి నా నడుముకే ఉంది, ఆ బిల్డింగులో ఏ తలుపైనా తీయగలను. అంతకుమించి నావల్ల అయ్యేది ఏదీ లేదు.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక పొద్దున మా గది తలుపు చప్పుడైంది. వేరమ్మ. ఆవిడ పని మీద ఎప్పుడూ మా గదికి రాలేదు, నాగేశ్వరే పైకి పోయేది. జుట్టు గట్టిగా వెనక్కి కట్టుకుని ఉంది, పనికి కూర్చునే ముందు కట్టుకునేలా.

"నాగా, ఒక గుడ్డు," అంది.

మా ఇద్దరికీ అర్థమైంది. పటంలో మిగిలింది ముఖం ఒక్కటే. ఎదురుగా కూర్చోడానికి మనిషి లేడు.

గుడ్లు లేవంది నాగేశ్వరి, అయిపోయాయంది. దాని వెనకే ఫ్రిజ్ మీద నిండు ట్రే కనపడుతోంది. వేరమ్మ ట్రే వైపు చూసింది, నాగేశ్వరి వైపు చూసింది. అబద్ధం అనలేదు, వెళ్లిపోనూ లేదు. గుమ్మంలో అలాగే నిలబడింది. కాసేపటికి నాగేశ్వరే ట్రే చంకన పెట్టుకుని మెట్లెక్కింది. నన్నెవరూ పిలవకపోయినా నేనూ వెనకాల ఎక్కాను.

మొదటి గుడ్డు నాగేశ్వరి చేతిలో చితికింది. రెండోది చితికింది. మూడోదీ అంతే. దాని చెయ్యి సంగతి నాకు తెలుసు, వేరమ్మకి ఇంకా బాగా తెలుసు. గిన్నెలో తెలుపూ పచ్చా కలిసిపోయి నిండుతున్నా ఆవిడ ఆపమనలేదు. ట్రేలో ఒక వరస ఖాళీ అయ్యాక నాగేశ్వరే ఆగింది.

"వెయ్యకండి వేరమ్మగారూ. అయ్యగారు వత్తారు. వచ్చి కూర్చుంటారు. అంతదాకా ఉంచండి."

నేను అరబ్బీలో చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు వేరమ్మ చెయ్యి ఎత్తింది.

"నిన్న ఆయన ముక్కు గుర్తు రాలేదు," అంది. "ఎంత తలుచుకున్నా రాలేదు. ఫొటోలో ఉంది, నాలో లేదు. పొద్దున మళ్లీ వచ్చింది. ఇంకా ఆగితే అన్నీ పోతాయి నాగా. అప్పుడు వచ్చినా నేనెవర్ని గుర్తుపట్టాలి?"

ఇది నేను తెలుగులో చెప్పాను. నాగేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇంకో గుడ్డు తీసింది. ఈసారి సొన ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి చక్కగా దొర్లింది. పొర పట్టుకుని ఎత్తి, సూది గుచ్చి, గిన్నె వేరమ్మ ముందు పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నం దాటేదాకా వేసింది. ముందు అంతా బురదరంగు పూసింది. దాని మీద కొంచెం కొంచెంగా వెలుగు తెచ్చింది, నుదుటి మీద, ముక్కు మీద, చెంపల మీద. కళ్లు చిట్టచివర. అసర్ నమాజుకి పిలుపు వినపడే వేళకి కుంచె కింద పెట్టింది. ఇలియాస్ గారే. పొడుగు ముక్కుతో, పెద్ద కళ్లతో, సిగరెట్ వంకన ఇప్పుడే లేచిపోయేలా ఉన్నారు. అన్ని పూతలు వేసినా నుదుటి మీద కుంకుమ చాయ అడుగు నుంచి తెలుస్తూనే ఉంది, ఎండనపడి వచ్చిన మనిషికి ఉన్నట్టు. దాన్ని కప్పడానికి ఇంకో పూత వేస్తే సరిపోయేదే. ఆవిడ వేయలేదు.

నాగేశ్వరి తిరిగి చూడలేదు. వెళ్లేముందు మాత్రం చూసింది, ఒక్కసారి.

విమానాశ్రయానికి మేమే దింపాం, నూర్ బాషా బండిలో. పటం దుప్పటిలో చుట్టి వేరమ్మ ఒళ్లోనే పెట్టుకుంది. వాళ్లమ్మమ్మ చిన్న పటం చేతిసంచిలో ఉంది. లోపలికి వెళ్లేముందు నాగేశ్వరిని పట్టుకుని ఏడ్చింది. నాకు చెయ్యి ఇచ్చింది. నీళ్ల గొట్టంతో ఉన్న నా పటం నాకే ఇచ్చేసింది. అది ఇప్పటికీ నా దగ్గరుంది, బద్ధకం కళ్లతో సహా.

తిరిగొచ్చేటప్పుడు నాలుగో రింగ్ రోడ్డు మీద నాగేశ్వరి అడిగింది.

"ఏవండీ, అది లోపల ఇంకా ఆరలేదు కదా?"

"ఏది?"

"మొహం. ఏడాది పడుద్దన్నారు కదా. ఈలోగా అయ్యగారొత్తే తడిగుడ్డతో తుడిచేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మళ్లీ ఏత్తారు. అంతే కదండి?"

అంతేనన్నాను. ఏమనమంటారు మరి?

ఆ ఏడాదంతా నెలకోసారైనా అడిగేది. బట్టలు ఆరేస్తూ, కూరలు తరుగుతూ. ఇంకా ఆరి ఉండదు కదండీ. ఇంకా ఆరలేదు, అనేవాణ్ణి. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత్తర్వాత అడగని నెల నాకే తోచేది కాదు. మాస్కో నుంచి ఒక్క కార్డు వచ్చింది, చేరానని. హవల్లీ మరిది దగ్గర కొత్త కబురేం లేదు. మా ఇంట్లోకి ఆ ఏడాది కోడిగుడ్డు రాలేదు.

మళ్లీ సెప్టెంబరు వచ్చింది. నాగేశ్వరి అడగలేదు. రెండో వారం గడిచింది, అడగలేదు. నేను భోజనానికి కూర్చుని, ఎటో చూస్తూ, మాస్కోలో చలి ఎక్కువట, చలికి రంగు తొందరగా గట్టిపడదట, ఇంకో ఏడాది పడుతుందని ఎవరో చెప్పారు అన్నాను. నాకెవరూ చెప్పలేదు.

నాగేశ్వరి నా మొహంలోకి చూసింది. పొయ్యి మీంచి గిన్నె దింపి, ఉడికిన గుడ్డు ఒకటి తీసి, పెంకు వలిచి, దారంతో రెండుగా కోసి నా కంచంలో పెట్టింది. లోపల పచ్చగా ఉంది.

"ఖలాస్ అండి," అంది. "తినండి."